సముద్రతీరంలో నక్షత్రాలు చూడటానికి ఆకాశం ఎలా ఉంటుందో ముందుగా తెలుసుకోవడం ఎలా?

మాది విజయనగరం. ఆరంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోపు కొని ఏడాదైంది. ఊళ్లో వీధి దీపాల వెలుతురు ఎక్కువ కాబట్టి అమావాస్య దగ్గరపడినప్పుడల్లా చింతపల్లి తీరానికి వెళ్తుంటాను. అగస్త్య నక్షత్రం మనకు దక్షిణాన 19 డిగ్రీల ఎత్తు వరకే వస్తుంది. దాన్ని సముద్రం మీదుగా చూడటమంటే నాకు ప్రాణం.

ఇబ్బంది అంతా వాతావరణంతోనే. ఫోనులో 'నిర్మలం' అని చూసి బయలుదేరతాను. తీరా వెళ్లాక మబ్బు ఉండదు, కానీ ఆకాశం పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. కృత్తికలు కూడా మసకే. అర్ధరాత్రికల్లా కటకాల మీద మంచు పట్టేస్తుంది. పోయిన నెలలో రెండుసార్లు ఇలాగే తిరిగివచ్చాను. ఎంత బాధ కలిగిందో చెప్పలేను.

ఇన్సాట్ ఉపగ్రహం పరారుణ చిత్రాలు చూస్తున్నాను. అయితే పొగమంచు, తక్కువ ఎత్తు మేఘాల ఉష్ణోగ్రత నేల ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండటంతో రాత్రిపూట అవి వాటిలో సరిగా తెలియడం లేదు. మీటియోబ్లూ అనే వాతావరణ వెబ్‌సైటులో గాలి నిలకడ అంచనా ఉంది. అది గ్రహాలు చూసేటప్పుడు పనికొస్తుంది గానీ, నీహారికలకు కావలసింది ఆకాశపు స్వచ్ఛత కదా!

గాలిలో తేమను, మంచుబిందు ఉష్ణోగ్రతను (ఆ తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను) మీరు ఎలా లెక్కలోకి తీసుకుంటారు? గాలి ఉష్ణోగ్రతకు, మంచుబిందు ఉష్ణోగ్రతకు మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉంటే బయలుదేరవచ్చు? రాత్రి గాలి నేల వైపు నుంచి వీస్తే తీరంలో ఆకాశం తేటపడుతుందా? డిసెంబరు 14 తెల్లవారుజామున జెమినిడ్ ఉల్కలు చూడటానికి పిల్లలను కూడా తీసుకెళ్తానని మాటిచ్చాను. తీరం వదిలి పడమటి కొండల వైపు వెళ్లడం మేలా? శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆకాశం చూసే అలవాటున్నవారు దయచేసి చెప్పండి.