అప్‌డేట్: ఒక్క లైన్ మారిస్తే గిట్ పీఆర్‌లో (మార్పులు రివ్యూకి పంపే పుల్ రిక్వెస్ట్) ఫైలంతా మారినట్టు చూపడం – పరిష్కారమైంది

ఇలా ఎందుకవుతోందని అడిగితే సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. డిఫ్‌లో (పాత, కొత్త కోడ్‌కి తేడాలు చూపే చోట) ఫైలంతా ఎర్రగా, పచ్చగా కనిపించడానికి కారణం లైన్ ఎండింగ్సే, అంటే ప్రతి లైను చివర ఉండే కనబడని గుర్తులే. విండోస్ వాళ్లవి సీఆర్‌ఎల్‌ఎఫ్, లినక్స్ వాళ్లవి ఎల్‌ఎఫ్. వీటిని గిట్ మార్చాలా వద్దా అని చెప్పే ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగ్ రెపోతో (ప్రాజెక్ట్ కోడంతా ఉండే చోటు) పాటు రాదు, ఒక్కో మెషీన్‌లో ఒక్కోలా ఉంది. అందరిచేతా మార్పించడం తెమిలే పని కాదు.

పనిచేసింది గిట్‌అట్రిబ్యూట్స్ (ఏ ఫైళ్లను గిట్ ఎలా చూడాలో రాసే ఫైలు) వాడమన్న సలహా. రెపో రూట్‌లో ఆ ఫైలు పెట్టి, అన్ని ఫైళ్లకూ టెక్స్ట్ విలువ ఆటో అని ఒక్క లైను. తర్వాత గిట్ యాడ్‌కి రీనార్మలైజ్ ఆప్షన్ (ఉన్న ఫైళ్ల లైన్ ఎండింగ్స్‌ని కొత్త రూల్ ప్రకారం సరిచేస్తుంది, గిట్ 2.16 నుంచి ఉంది) ఇచ్చి, వేరే మార్పేదీ కలపకుండా విడిగా కమిట్. పెండింగ్ పీఆర్‌లు ముందే మెర్జ్ చేసేయండి, లేదంటే కాన్‌ఫ్లిక్టులతో చస్తారు. షెల్ స్క్రిప్టులకు మాత్రం ఈఓఎల్ (లైన్ ఎండింగ్) విలువ ఎల్‌ఎఫ్ అని ఇంకో లైను రాయాలి. లేకపోతే విండోస్‌లో చెకౌట్ చేసినవి డాకర్ కంటెయినర్‌లో మొరాయిస్తాయి.

ఇండెంటేషన్‌కి ట్యాబులా స్పేసులా అన్న గొడవకీ దీనికీ సంబంధమే లేదు. ఫార్మాటర్ కూడా మార్చక్కర్లేదు.