నాగార్జునకొండ దీవిలో మనం చూసే కట్టడాలు అసలువేనా? ఒక శ్రోత ప్రశ్నకు సరైన సమాధానం కావాలి

శ్రోతల_పెట్టె:
అందరికీ నమస్కారం. ప్రతి ఆదివారం సాయంత్రం అరగంటపాటు శ్రోతలు పంపే ప్రశ్నలకు సమాధానాలు చెప్పే చిన్న శ్రవ్య కార్యక్రమాన్ని నేను నడుపుతున్నాను. చరిత్ర, ప్రయాణాలు, చదువు, వినోదం, ఏ విషయమైనా సరే, అడిగినదానికి వెతికి చదివి చెబుతాను. పోయిన వారం తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఇలా అడిగింది: "మేము లాంచీలో నాగార్జునకొండకు వెళ్లాము. అక్కడ చూసిన విహారాలు, స్నానఘట్టం నిజంగా ఇక్ష్వాకుల కాలంలో ఆ కొండమీదే ఉండేవా?" నేను తొందరపడి, "లేదమ్మా, అవన్నీ లోయలో ఉండేవి, నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టేటప్పుడు అన్నింటినీ రాయి రాయి విప్పి కొండమీదికి చేర్చారు" అని చెప్పేశాను. కార్యక్రమం ముగిసి గంట గడవకముందే ఒక పెద్దాయన ఫోను చేసి, "అన్నింటినీ అన్న మాట ఎక్కడ చదివారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఆదివారం తప్పు దిద్దుకోవాలి. ఏది తరలించినది, ఏది నమూనా, ఏది నీటి అడుగునే ఉండిపోయింది అన్నది తెలిసినవారు చెప్పగలరా? అనుపు దగ్గరున్న రంగస్థలం, విశ్వవిద్యాలయం గురించి కూడా చెబితే మరీ సంతోషం.

మాచర్ల_మాస్టారు:
అమ్మా, మీకు ఫోను చేసిన పెద్దాయన మాట సబబైనదే. ఆ లోయ వైశాల్యం తెలిస్తే "అన్నింటినీ" అనే మాట మన నోట రాదు. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణానది, నడుమ మైదానం. అందులో క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాలలో ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. 1926లో ఒక స్థానిక ఉపాధ్యాయుడు ఇచ్చిన కబురుతో మద్రాసు శిలాశాసనాల శాఖకు చెందిన రంగస్వామి సరస్వతి అక్కడికి వెళ్లి శిథిలాలను గుర్తించారు. ఆ తరువాత 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో మొదలుపెట్టి టి.ఎన్.రామచంద్రన్ తవ్వారు. ఆనకట్ట ఖాయమయ్యాక 1954 నుంచి 1960 వరకు ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో జరిగింది మాత్రం నీటితో పందెం వేసుకుని చేసిన తవ్వకం. వందకు పైగా స్థలాలు బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పన్నెండేళ్ల లోపల తేల్చుకోవలసిన ప్రశ్న ఏమిటంటే, వందకు పైగా ఉన్నవాటిలో దేనిని ఎత్తుకుపోవాలి, దేనిని కొలతలు రాసుకుని వదిలిపెట్టాలి.

చివరికి తొమ్మిది కట్టడాలను మాత్రమే తిరిగి నిలబెట్టడానికి ఎంచుకున్నారు. వాటిలో కొన్ని కొండమీద, కొన్ని కుడి గట్టున ఉన్న అనుపు దగ్గర ఉన్నాయి. సింహళ విహారం, స్నానఘట్టం కొండమీదికి వచ్చాయి. మెట్ల రంగస్థలం అనుపుకు వెళ్లింది. మరికొన్నింటికి చిన్న నమూనాలు చేశారు. శిల్పాలను, శాసనాలను, స్తూపాల ఆయక వేదికల (స్తూపం నాలుగు వైపులా ముందుకు పొడుచుకువచ్చే అరుగుల) ఫలకాలను ప్రదర్శనశాలలో పెట్టారు. మిగిలిన పునాదులు, వీధులు, ఇళ్లు నీళ్లలోనే ఉన్నాయి. కాబట్టి మీ జవాబులో "అన్నింటినీ" అనే మాటను "కొన్నింటిని" అని మార్చితే సగం పని అయిపోతుంది.

ఇంకొక్క మాట చెప్పాలి. ఆ కొండమీద తన చోటులోనే, ఎవరూ కదిలించకుండా ఉన్నవి కోట గోడలు. అవి ఇక్ష్వాకుల తరువాత వెయ్యేళ్లకు, రెడ్డిరాజుల కాలంలో కట్టినవని చెబుతారు. నేను పిల్లలను తీసుకువెళ్లిన ప్రతిసారీ వాళ్లు ఆ గోడ పక్కనుంచే పరుగెత్తి వెళ్లి, వేరే చోటినుంచి వచ్చిన కట్టడం ముందు ఆగి ఫొటోలు దిగుతారు. ఆ అమ్మాయి అడిగినట్టు "కొండమీదే ఉండేవి" ఏవి అంటే, నేనైతే ముందు ఆ గోడనే చూపిస్తాను.

శాసనాలు_చదివేవాడు:
మాస్టారు చెప్పినదానికి రెండు విషయాలు కలుపుతాను. మొదటిది, తరలించడం అంటే ఏమిటన్నది. మన ఇటుక కట్టడాలు గుడుల వంటివి కావు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం జలాశయం మూలంగా ఆలంపురానికి తీసుకువచ్చారు. అది రాతి గుడి కనుక, రాళ్లను విప్పి అదే వరుసలో పేర్చితే అదే గుడి మళ్లీ లేస్తుంది. విజయపురి కట్టడాలు అలా కాదు. మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద స్తూపం సంగతే చూడండి. దాని వ్యాసం 106 అడుగులు. లోపల బండి చక్రంలా ఆకులు ఆకులుగా ఇటుక గోడలు కట్టి, నడుమ ఖాళీలను మట్టితో నింపారు. ఒక్కొక్క ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. పదిహేడు వందల ఏళ్లు మట్టిలో నానిన ఇటుకను పెకలిస్తే చేతికి ఎంత వస్తుందో, ఎంత పొడి అవుతుందో మీరే ఊహించుకోండి. అందుకని ఇటుక కట్టడం విషయంలో నాకు నిలబడి కనిపించే గోడకన్నా దాని ప్రణాళిక, కొలతలు ముఖ్యం. పలనాటి సున్నపురాయి మీద చెక్కిన శిల్పం విషయంలో మాత్రం ఆ రాయే ముఖ్యం. ప్రదర్శనశాలలోని ఫలకాలు అసలు ఫలకాలే. ఈ తేడాను మీ శ్రోతకు తప్పక చెప్పండి.

రెండవది, మీరు అడిగిన విశ్వవిద్యాలయం. ఆ మాట మన కాలంలో తగిలించినది. శాసనాలలో విహారాలు, చైత్యగృహాలు (స్తూపం ఉండే ప్రార్థనా మందిరాలు), ఆచార్యులు కనిపిస్తారు. విశ్వవిద్యాలయం అన్న పేరు కనిపించదు. బౌద్ధ తాత్వికుడైన ఆచార్య నాగార్జునుడు అక్కడ పాఠాలు చెప్పాడని గైడ్లు చెబుతారు గాని, ఇక్ష్వాకుల శాసనాలలో ఆయన ప్రస్తావన లేదు. ఆ శాసనాలు ఎక్కువగా ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఉంటాయి. ఊరిని విజయపురి అని, కొండను శ్రీపర్వతం అని పిలుస్తాయి. నాగార్జునకొండ అన్న పేరు చాలా తరువాతిది.

అయినా చదువు అక్కడ లేదని కాదు. రెండో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పద్నాలుగో పాలనా సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక (బౌద్ధ భక్తురాలు) ఆ లోయలోని చుళధమ్మగిరి అనే గుట్ట మీద చైత్యగృహం కట్టించి వేయించిన శాసనాన్ని చదవండి. అందులో సింహళ ఆచార్యుల ప్రస్తావన ఉంది. కశ్మీరం, గాంధారం, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిల వంటి దేశాల పేర్లు వరుసగా వస్తాయి. ఆ జాబితాను ఒక్కసారి పైకి చదివి వినిపిస్తే మీ శ్రోతలకు ఆ లోయ ఎంత దూరాలతో ముడిపడి ఉందో వేరే వివరణ లేకుండానే తెలుస్తుంది. సింహళ విహారం అన్న పేరు ఎందుకు వచ్చిందో కూడా అక్కడే అర్థమవుతుంది. ఇన్ని దానాలు చేసినవారిలో రాజకుటుంబపు స్త్రీలు ఎక్కువ. మహాచైత్యం పని పూర్తి చేయించిన శాంతిశ్రీ, మొదటి ఇక్ష్వాకు రాజు శాంతమూలుని తోబుట్టువు. రాజులు యజ్ఞాలు చేస్తుంటే వారి ఇంటి ఆడవారు బౌద్ధానికి స్తంభాలు నిలబెట్టారు. నన్నడిగితే అసలు కథ ఇదే. విశ్వవిద్యాలయం అన్న పెద్దమాట దాన్ని కప్పేస్తోంది.

లాంచీ_ప్రయాణికుడు:
నేను చరిత్రకారుణ్ణి కాను, ఏడాదికోసారి బంధువులను వెంటబెట్టుకుని వెళ్లేవాణ్ణి. అనుపు రంగస్థలం గురించి నాకు తెలిసినది చెబుతాను. అది దీర్ఘచతురస్రపు బరి. సుమారు 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు ఉంటుంది. నాలుగు వైపులా ప్రేక్షకులు కూర్చునే మెట్లు ఉంటాయి. ఇలాంటి కట్టడం మన దేశంలో అరుదు కనుక కొందరు దీన్ని రోమను రంగస్థలాలతో పోలుస్తారు. అక్కడ నాటకాలు ఆడేవారా, మల్లయుద్ధాలు జరిగేవా, సంగీతం పాడేవారా అని మా చిన్నాన్న ప్రతిసారీ వాదం పెట్టుకుంటారు. ఏదో ఒక్కదానికే కట్టారని ఎందుకు అనుకోవాలో నాకు అర్థం కాదు.

అక్కడ నడిమధ్య నిలబడి చప్పట్లు కొట్టమని, మాట ఎలా వినిపిస్తుందో చూడమని చెబుతారు. సరదాగా ఉంటుంది, తప్పక కొట్టండి. కాని ఆ శబ్దాన్ని బట్టి ఇక్ష్వాకుల ధ్వనిశాస్త్రం ఎంత గొప్పదో తేల్చవద్దు. ఎందుకంటే ఆ కట్టడం ఇప్పుడు దాని పుట్టినచోట లేదు. చుట్టూ ఉన్న కొండ, గాలి, ఖాళీ అన్నీ మారిపోయాయి. మెట్ల అమరిక తెలుస్తుంది, చప్పుడు మాత్రం ఈనాటి అనుపు చప్పుడే.

ప్రయాణం సంగతి కూడా మీ కార్యక్రమంలో చెబుతారేమో. ఆంధ్ర వైపు విజయపురి సౌత్ నుంచి, తెలంగాణ వైపు సాగర్ నుంచి లాంచీలు ఉంటాయి. దీవి ఆనకట్టకు దాదాపు 11 కిలోమీటర్ల దూరం. నీటిమట్టం తగ్గినా, గాలివాన వచ్చినా లాంచీలు ఆపేస్తారు కనుక ముందురోజు కనుక్కుని బయలుదేరడం మంచిది. ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. ఒకసారి మేము పదకొండు మందిమి పులిహోర డబ్బాలతో సహా శుక్రవారమే వెళ్లి, రెండు రోజుల ప్రయాణాన్ని ఒక తాళం ముందు ముగించాము. అనుపుకు రోడ్డు దారి ఉంది కనుక లాంచీ దొరకని రోజు అక్కడికైనా వెళ్లి రావచ్చు.

పుల్లారెడ్డిగూడెం_మనవరాలు:
లోయ అంటే అందరికీ ఇక్ష్వాకులే గుర్తుకువస్తారు గాని, నీళ్లు వచ్చేనాటికి అక్కడ మనుషులు ఉన్నారు. మా అమ్మమ్మవాళ్లది పుల్లారెడ్డిగూడెం. తవ్వకాలలో మట్టి మోసిన కూలీలు చుట్టుపక్కల పల్లెల వాళ్లే. అమ్మమ్మ ఇప్పటికీ ఆ పెద్ద ఇటుకలను "దిబ్బ ఇటుకలు" అంటుంది. తమ పశువుల కొట్టానికి మెట్టుగా వేసుకున్న ఒక ఇటుకను గురించి, అది ఎంత బరువుండేదో చేతులు చాపి చూపిస్తుంది. "ఏవేవి నీటిలో ఉండిపోయాయి" అని మీరు చెప్పేటప్పుడు ఆ ఊరి పేరు కూడా ఒక్కసారి పలకండి.

శ్రోతల_పెట్టె:
అందరికీ కృతజ్ఞతలు. జవాబును తిరగరాశాను. ఆదివారం ఇలా మొదలుపెడతాను: "అమ్మా, పోయినవారం నేను చెప్పినది తప్పు. నువ్వు చూసినవాటిలో కొన్ని లోయనుంచి తెచ్చి మళ్లీ కట్టినవి, కొన్ని చిన్న నమూనాలు, ప్రదర్శనశాలలోని శిల్పాలు అసలువి, కోట గోడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది." ఆ తరువాత బోధిశ్రీ శాసనంలోని దేశాల పేర్లు చదువుతాను, పుల్లారెడ్డిగూడెం పేరు చెబుతాను, చివర శుక్రవారం సంగతి. ఒక్క సందేహం మిగిలింది: ఇక్ష్వాకులలో మూడో రాజు పేరును ఎలా పలకాలి? ఎహువల అనా, ఎహువుల అనా?

శాసనాలు_చదివేవాడు:
శాసన పాఠంలో ఎహువుల శాంతమూలుడు అని ఉంది. మన తెలుగు పుస్తకాలలో ఎహువల అని అలవాటైంది. పాత పుస్తకాలలో బాహుబలుడు అని కూడా కనిపిస్తుంది, అది మొదట్లో అక్షరాలను వేరుగా చదవడం వల్ల వచ్చినది. మీరు ఎహువుల అని పలకండి. ఎవరైనా ఫోను చేస్తే నా పేరు చెప్పండి.