విండోస్ 98, 64 ఎంబీ ర్యామ్: వర్చువల్ మెమరీ ఎంత పెట్టాలి?

డీటీపీ మిత్ర:
అను ఫాంట్లతో చేసిన పాత పేజ్‌మేకర్ 6.5 ఫైళ్ల కోసం ఇంట్లో విండోస్ 98 ఎస్‌ఈ సిస్టమ్ ఉంచాను. పెంటియం 2, 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డు, 64 ఎంబీ ర్యామ్. హార్డ్‌డిస్క్ ఒకటే, సి, డి పార్టిషన్లు. వర్చువల్ మెమరీ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే డిస్క్ చోటు) డిలో పెట్టాను. పేజ్‌మేకర్ నడుస్తుండగా ఫొటోషాప్ 5లో ఏ4 స్కాన్ తెరిస్తే డిస్క్ లైటు ఆరదు, మౌస్ ఆగి ఆగి కదులుతుంది. సైజు ఎంత పెట్టాలండి? ర్యామ్ కొనాలంటే ఏది తీసుకోవాలి?

పాతబోర్డు:
ముందు లెక్క చూడండి. 300 డీపీఐ ఏ4 ఆర్జీబీ అంటే 2480 × 3508 పిక్సెళ్లు, ఒక్కోదానికి 3 బైట్లు. దాదాపు 25 ఎంబీ. పని చేసేటప్పుడు ఫొటోషాప్‌కి దానికి మూడు నుంచి ఐదు రెట్లు కావాలి. విండోస్, పేజ్‌మేకర్ పోగా మీకు మిగిలేది ఏ మూలకీ చాలదు. నలుపు తెలుపు బొమ్మలైతే గ్రేస్కేల్‌లోనే స్కాన్ చేయండి, మూడో వంతుకి తగ్గుతుంది.

డిలో పెట్టడం వల్ల నష్టమే. పార్టిషన్లు రెండైనా డిస్క్ ఒకటే, కాబట్టి డేటా చదివే హెడ్ సికీ డికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. 5400 ఆర్‌పీఎం డిస్క్‌లో ఎక్కడో ఉన్న 4 కేబీ మెమరీ ముక్కని (పేజీని) అందుకోవడానికి సుమారు 15 మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్‌లో అది నానోసెకన్ల పని.

స్వాప్ ఫైల్ (వర్చువల్ మెమరీ ఉండే ఫైల్) ఇప్పుడు డిలో ఉంది కాబట్టి సిని ఇప్పుడే డీఫ్రాగ్ చేయండి, అంటే చెదిరిన ఫైల్ ముక్కల్ని ఒకచోట చేర్చండి. వాడుకలో ఉన్న స్వాప్ ఫైల్‌ని డీఫ్రాగ్ కదపలేదు, అందుకే ఈ వరుస. తర్వాత మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పర్ఫార్మెన్స్, వర్చువల్ మెమరీ. అక్కడ సొంత సెట్టింగ్ ఎంచుకుని డ్రైవ్ సి, మినిమమ్ 200 ఎంబీ ఇవ్వండి. మాక్సిమమ్ ముట్టుకోవద్దు, దాన్నీ 200కి బిగిస్తే, అది నిండిన రోజు సేవ్ చేయని పని పోతుంది. డిజేబుల్ గడిలో టిక్ అసలే వద్దు. రీస్టార్ట్ అయ్యాక డిలో పాత స్వాప్ ఫైల్ విన్386.ఎస్‌డబ్ల్యూపీ మిగిలి ఉంటే తీసేయండి.

రెండో డిస్క్:
ఫొటోషాప్ తన పని కోసం డిస్క్ మీద రాసుకునే స్క్రాచ్ ఫైల్ వేరు, విండోస్ స్వాప్ ఫైల్ వేరు. రెండూ ఒకే డిస్క్ మీద పడితే మీరు చెప్పిన అవస్థే. పాత డిస్క్ ఇంకొకటి దొరికితే సెకండరీ ఐడీఈ కేబుల్‌కి తగిలించి, ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌ని దానికి మార్చండి. మొదటి డిస్క్ ఉన్న కేబుల్‌కే పెడితే ఫలితం తగ్గుతుంది, ఎందుకంటే ఒక కేబుల్ మీద ఒకసారి ఒకే డ్రైవ్ డేటా పంపగలదు. ఫొటోషాప్ మెమరీ వాటా 50 శాతం దగ్గరే ఉంచండి. పెంచితే విండోస్ స్వాప్‌లోకి దిగుతుంది.

డివైస్ మేనేజర్‌లో డిస్క్ సెట్టింగ్స్‌కి వెళ్లి డీఎంఏ (ప్రాసెసర్‌తో పనిలేకుండా డిస్క్ డేటా నేరుగా ర్యామ్‌కి వెళ్లే పద్ధతి) టిక్ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే డిస్క్ చదివినంతసేపూ ప్రాసెసర్‌కి ఊపిరాడదు. మౌస్ ఆగడానికి అదీ కారణం కావచ్చు.

పాతబోర్డు:
ర్యామ్ సంగతి. పీసీ100 ఎస్‌డీర్యామ్ 256 ఎంబీ ఒక్కటి చాలు. పీసీ133 కూడా పనిచేస్తుంది. అయితే చిప్పులు లెక్కపెట్టి కొనండి. రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం 16 ఉండాలి. ఎనిమిదే చిప్పులున్న 256 ఎంబీ స్టిక్ 440బీఎక్స్‌లో 128గానే కనిపిస్తుంది.

అది వేశాక విండోస్ సెట్టింగ్స్ ఫైల్ సిస్టమ్.ఐఎన్‌ఐలో 386ఎన్హ్ విభాగం కింద కన్జర్వేటివ్‌స్వాప్‌ఫైల్‌యూసేజ్=1 అని ఇంగ్లీషులో చేర్చండి. ర్యామ్ ఖాళీగా ఉండగా స్వాప్ జోలికి పోవడం తగ్గుతుంది. 64 ఎంబీతో మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.