పాత రవ్వల కమ్మల క్వాలిటీ ఎలా తెలుసుకోవాలి? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

అలిపిరి_మెట్లు
మా అవ్వవి ఏడు రాళ్ల రవ్వల కమ్మలు. పసుపు బంగారంలో, వెనక మూసేసిన కట్టడం. గాంధీ రోడ్డులో ఒక షాపులో చూపిస్తే, కౌంటర్‌లో అబ్బాయి రెండుసార్లు అటూ ఇటూ తిప్పి “కలర్ దిగిపోయింది మేడమ్, ఎల్, ఎం ఉంటుంది. ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయండి” అన్నాడు. అమ్మేమో బ్లూ జాగర్ రాళ్లు, ఇచ్చేది లేదంటోంది. బిల్లు లేదు. ఎవరి మాట నమ్మాలి?

పొదిగేవాడు_పుత్తూరు
అక్కా, మూసిన కట్టడంలో ఉన్న రాయికి కలర్ గ్రేడ్ కచ్చితంగా చెప్పడం ఎవరి వల్లా కాదు. ల్యాబ్‌లో రాయిని విడిగా తీసి, బోర్లించి, పక్కన రంగు ముందే తేల్చిన మాస్టర్ రాళ్లు పెట్టి పోలుస్తారు. డీ నుంచి జెడ్ దాకా 23 మెట్లు, జెడ్ వైపు పోయేకొద్దీ పసుపు ఛాయ ఎక్కువ. డీ, ఈ, ఎఫ్ అంటే రంగు లేనివి, జీ నుంచి జే దాకా దాదాపు లేనివి. చుట్టూ పసుపు బంగారం ఉంటే హెచ్ రాయి కూడా పచ్చగా కొడుతుంది. పైగా ఏళ్ల తరబడి తలనూనె, సబ్బు సందుల్లోంచి లోపలికి దిగి ఉంటాయి. ఆ జిడ్డును చూసి ఎల్ అనడం సులువే.

ఒక జాగ్రత్త: ఇంట్లో వేడి సబ్బునీళ్లలో నానబెట్టొద్దు. పాత కట్టడాల్లో రాయి కింద మెరుపు కోసం రేకు వేసి ఉండొచ్చు. నీళ్లు తగిలితే అది నల్లబడుతుంది, ఇక రాయి చచ్చినట్టు కనిపిస్తుంది.

జీడీనెల్లూరు_టీచరమ్మ
బ్లూ జాగర్ అన్నది గ్రేడు కాదమ్మా. దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫాంటైన్ అని ఒక గని ఉండేది, ఆ పేరే మన దగ్గర నిలిచిపోయింది. అక్కడి మంచి రాళ్లలో నీలి ఛాయ ఉండేది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే రాయి నీలంగా వెలగడం, అంటే ఫ్లోరెసెన్స్, దానికి కారణం. ఆ గని 1971లో మూతపడింది. ఇప్పుడు కొత్త నగ చూపించి బ్లూ జాగర్ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మీ అవ్వవి నిజంగా అవే అయ్యుండొచ్చు. నోట్లు చూసే యూవీ లైటు కింద చీకట్లో పెట్టి చూడండి. వెలిగినంత మాత్రాన జాగర్ అని కాదు, చాలా వజ్రాలు వెలుగుతాయి.

చిత్తూరు_బావ
మేము పెళ్లికి కమ్మలు వేలూరులో కొన్నాం. నాకు తెలిసింది చెప్తా. షాపువాళ్లు “ఒక క్యారెట్ నగ” అంటే రెండు కమ్మల్లోని పద్నాలుగు రాళ్లూ కలిపి ఒక క్యారెట్. ఒక్కోటి ఏడు సెంట్లు వస్తుంది (క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు). ఒంటి రాయి ఒక క్యారెట్ ఉంటే దాని రేటు వేరే లోకం, రెండిటినీ పోల్చి టెన్షన్ పడొద్దు. కార్డులో “ఈఎఫ్, వీవీఎస్” అని రాసేది సెట్ మొత్తానికి. ఈఎఫ్ రంగు గ్రేడు; వీవీఎస్, దాని కింద వీఎస్, ఆ కింద ఎస్ఐ అనేవి రాయిలో మచ్చలు ఎంత తక్కువో చెప్పే గ్రేడ్లు. ఆ సైజులో వీవీఎస్‌కీ వీఎస్‌కీ తేడా పది రెట్లు పెద్దది చేసే లూప్‌లో తప్ప కనపడదు. నన్నడిగితే ఆ డబ్బు కట్‌కు, అంటే రాయి చెక్కిన తీరుకు, పెట్టడం మేలు, మెరుపంతా అక్కడే.

బిల్లులో స్థూల బరువులోంచి రాళ్ల బరువు తీసేశారా చూడండి. క్యారెట్ అంటే 0.2 గ్రాములు. తరుగు ఎంత, మజూరి ఎంత, విడిగా రాయించుకోండి. హాల్‌మార్క్‌తో వచ్చే హెచ్‌యూఐడీ నంబరు బంగారానికే, రాయికి దానితో సంబంధం లేదు.

కాణిపాకం_సుబ్బు
టెస్టర్ పెన్ను కీచుమంటే వజ్రమే కదా?

పొదిగేవాడు_పుత్తూరు
కాదన్నా. మామూలు టెస్టర్ వేడి ఎంత వేగంగా పాకుతుందో మాత్రమే చూస్తుంది. వజ్రంలా కనిపించే వేరే రాయి మోయిసనైట్‌కూ కీచుమంటుంది. దాన్ని లూప్‌లో కొంచెం ఏటవాలుగా చూస్తే వెనక పలకల అంచులు రెండేసి గీతలుగా కనిపిస్తాయి, వజ్రంలో అలా ఉండదు. ల్యాబ్‌లో పెంచిన సీవీడీ రాయి అయితే అసలు వజ్రమే కాబట్టి కంటితో, లూప్‌తో నమ్మకంగా తేల్చలేం, మెషీన్‌లో పెట్టాల్సిందే. అవ్వ కమ్మలకు ఈ భయం అక్కర్లేదు. మోయిసనైట్ నగల్లోకి వచ్చిందే 1990ల చివర్లో.

రవ్వల_రాణి
మా అత్తగారు ముక్కుపుడకలో నల్లచుక్క చూసి కాకిపాదం దోషం అని పట్టుబట్టి మార్పించారు. ల్యాబ్ కార్డులో అది ఎస్ఐ1. మనకు దోషం, వాళ్లకు గ్రేడు! ఎస్ఐ కొనేటప్పుడు చుక్క నలుపా తెలుపా, నడి మధ్యలో ఉందా అంచున ఉందా చూసుకోండి. గ్రేడు ఒకటే అయినా కళ్లకు ఒకటి కాదు.

అలిపిరి_మెట్లు
థాంక్స్ అందరికీ. అన్నీ విప్పిస్తే కట్టడం పాడవుతుందని అమ్మ భయం.

పొదిగేవాడు_పుత్తూరు
అన్నీ వద్దు. ఒక కమ్మలో నడిమి రాయి ఒక్కటి మీ ఎదురుగానే విప్పించండి. దాన్ని తూకం వేయించి సెంట్లు రాసుకుని, ఫొటో తీసి, ల్యాబ్‌కు పంపండి. తిరిగొచ్చాక మళ్లీ తూకం వేస్తే రాయి మారలేదని తెలుస్తుంది. ఏడూ ఒకే జోడుగా ఏరి కట్టినవైతే మిగతావి దానికి అటూ ఇటుగానే ఉంటాయి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని అప్పుడు ఎక్స్‌చేంజ్ రేటు అడగండి.