అంధత్వానికి 0.187: ఈ అంకెను నివేదికలో ఎలా వాడాలి?

ప్రశ్న:
నేను ప్రజారోగ్య విద్యార్థినిని. రెండు మండలాల వ్యాధిభారం మీద నివేదిక రాస్తున్నాను. డాలీల (DALY, వ్యాధిభారాన్ని ఏళ్లలో చెప్పే కొలత) లెక్క కోసం తెరిచిన పట్టికలో అంధత్వానికి ఎదురుగా 0.187 అని ఉంది. మా అన్నయ్యకు పుట్టుకతోనే చూపు లేదు. ఆయన సదరం ధ్రువపత్రంలో నూరు శాతం అని రాసి ఉంటుంది. దుకాణంలో ఇచ్చిన చిల్లరను వేళ్లతో తడిమి, రూపాయి తగ్గినా పట్టుకునేది మా ఇంట్లో ఆయనే. ఈ పట్టిక ప్రకారం ఆయన బతుకు ఒకటిలో 0.813 వంతేనా? ఈ అంకెను నేను వాడవచ్చా?

జవాబు:
కాదండీ. అకాల మరణం వల్ల కోల్పోయిన ఏళ్లకు, జబ్బుతోనో వైకల్యంతోనో గడిపిన ఏళ్లను తూకం కట్టి కలిపితే వచ్చే మొత్తమే డాలీ. మీరు చూసిన 0.187 ఆ తూకమే: పూర్తి ఆరోగ్యానికి 0, మరణంతో సమానమైన స్థితికి 1. ఆ తూకం ఆరోగ్యంలో కలిగిన నష్టానికే తప్ప మనిషి విలువకు కాదు. సదరం శాతం పింఛను వంటి అర్హతల కోసం వైద్యులు నిర్ధారించేది కనుక, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

అయితే ఈ తూకం ప్రకృతి ఇచ్చిన కొలత అని కూడా అనుకోవద్దు. ప్రపంచ వ్యాధిభార అధ్యయనం (GBD) 1990ల లెక్కలో వైద్యరంగ నిపుణుల బృందం అంధత్వానికి 0.6 కట్టింది. 2010 అధ్యయనంలో బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియా, అమెరికాలలో మామూలు ప్రజలకు ఇద్దరు మనుషుల స్థితిని వర్ణించి, వారిలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని అడిగినప్పుడు అది 0.195కి దిగింది. మీ పట్టికలోని 0.187 ఆ తర్వాతి అధ్యయనాలది. చూపులేనితనం మారలేదు, అడిగిన ప్రశ్న, జవాబిచ్చిన మనుషులు మారారు. ప్రపంచ బ్యాంకు 1993 నివేదికతో ప్రచారంలోకి వచ్చిన పాత పద్ధతిలోనైతే పాతికేళ్ల వయసుకు దగ్గరి ఏళ్లకు ఎక్కువ విలువ కట్టి, రాబోయే ఏళ్లకు ఏటా 3 శాతం కోత వేసేవారు. ఆ కోత ఒక్కటే 80 ఏళ్ల నష్టాన్ని సుమారు 30 ఏళ్లకు కుదించేది. ఆర్థికవేత్తలు సుధీర్ ఆనంద్, కారా హాన్సన్ 1997లో దీన్ని గట్టిగా ప్రశ్నించారు. 2010 అధ్యయనంలో ఆ రెండింటినీ తీసేశారు.

ప్రశ్న:
అలాగైతే మా అన్నయ్యకు ఈ లెక్కలో అన్యాయం జరగదన్నమాటేనా?

జవాబు:
మరణాన్ని లెక్కించేటప్పుడు జరగదు. ఆ వయసువారు ఎవరు పోయినా అన్నే ఏళ్లు పోయినట్టు. చికిత్సల్లో దేనికి డబ్బు పెట్టాలో తేల్చడానికి ఇదే లెక్కను వాడితే మాత్రం జరుగుతుంది. ఒకే మందు చూపున్న మనిషిని 30 ఏళ్లు బతికిస్తే ఫలం 30. మీ అన్నయ్యను అంతే కాలం బతికిస్తే 30ని 0.813తో గుణించి, సుమారు 24.4 అంటుంది. నాకు ఏనాటికీ మింగుడుపడని చోటు ఇదే. అందువల్ల ఏ జబ్బు భారం ఎంతో చూపడానికి డాలీ వాడండి, ఎవరికి ముందు వైద్యం అందాలో తేల్చడానికి వాడకండి. మరణాల ఏళ్లు, వైకల్యపు ఏళ్లు వేర్వేరు వరుసల్లో ఇచ్చి, తూకాలు ఏ సంవత్సరపు అధ్యయనానివో పట్టిక కిందే రాయండి. మృతశిశువుల జననాలు ఈ లెక్కలోకి రావు. మీ మండలాల రిజిస్టర్లలో అవి నమోదై ఉంటే వాటికి విడిగా ఒక వరుస పెట్టండి.