డ్యూటీలో పోయిన ప్రతి పోలీసూ అమరుడేనా? పోలీసు సంఘాలు ఎవరి తరఫున అడగాలి?

క్వార్టర్స్ పిల్లోడు

ఏటా అక్టోబరు 21న హైదరాబాద్ గోషామహల్‌లోనూ, జిల్లా పరేడ్ గ్రౌండ్లలోనూ ఆ ఏడాది ప్రాణాలర్పించిన పోలీసుల పేర్లు చదువుతారు. ముందటేడు సెప్టెంబరు 1 నుంచి ఆ ఏడు ఆగస్టు 31 దాకా లెక్క. 2023లో దేశం మొత్తమ్మీద 188 మంది. మా నాన్న పేరు మాత్రం ఏ ఏడూ చదవలేదు.

నాన్న హెడ్ కానిస్టేబుల్. జాతర బందోబస్తులో రాత్రుళ్లు వరసగా నిలబడి, తెల్లవారుజామున బారికేడ్ పక్కనే గుండెపోటుతో పడిపోయారు. చేతిలో విజిల్ అలాగే ఉంది. కాగితాల్లో 'సహజ మరణం' అని రాశారు. దాంతో అమ్మకు అమరుడి భార్య అన్న గుర్తింపు లేదు, అమరుల కుటుంబాలకిచ్చే ఎక్స్‌గ్రేషియా సాయం లేదు. జీతం ఖాతా మీదున్న ప్రమాద బీమా అడిగితే, గుండెపోటు ప్రమాదం కింద రాదన్నారు. పోలీసు సంఘం నాయకుడి దగ్గరికి వెళ్తే "అది అమరుల కేటగిరీ కాదమ్మా" అని టీ ఇచ్చి పంపారు.

నేననేది ఇదీ: డ్యూటీ చేస్తూ పోయినవాళ్లందరినీ ఒకే జాబితాలో పెట్టాలి. సంఘం పని అక్టోబరులో పూలదండలు తేవడం ఒక్కటే కాదు, ఈ మాట ప్రభుత్వాన్ని అడగడం కూడా. మీరేమంటారు?

రిటైర్డ్ ఎస్ఐ, వరంగల్

బాబూ, మీ నాన్నగారికి నా సెల్యూట్. అయినా నీ మాటతో నేను ఏకీభవించను.

ఈ అక్టోబరు 21 ఎలా పుట్టిందో చూడు. 1959లో లద్దాఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర గస్తీకెళ్లిన మన పోలీసులు తిరిగి రాలేదు. వాళ్లను వెతకడానికి కరమ్ సింగ్ అనే పోలీసు అధికారి తన దళంతో బయల్దేరాడు. చైనా సైనికులు కొండ మీంచి కాల్చారు, 10 మంది చనిపోయారు. శవాలను నవంబరు 13న గానీ అప్పగించలేదు. మరుసటి జనవరిలో రాష్ట్రాల పోలీసు ఐజీలు కూర్చుని అక్టోబరు 21ని స్మృతి దినంగా పాటించాలని తీర్మానించారు. 2008 జూన్‌లో ఒడిశాలోని బలిమెల జలాశయంలో, మావోయిస్టులతో పోరాడే మన గ్రేహౌండ్స్ దళం పిల్లలున్న లాంచీ మీద వాళ్లు దాడి చేశారు. నీళ్లలోంచి శవాలు తీస్తూనే ఉన్నారు. ఆ రోజులు నేను మర్చిపోలేను. అవతల తుపాకీ ఉందని తెలిసీ అడుగు ముందుకేసినవాడిది ఒక ప్రత్యేకమైన గౌరవం. ఢిల్లీ చాణక్యపురిలో 2018లో జాతీయ పోలీసు స్మారకం ప్రారంభించినప్పుడు గోడ మీద 34,844 పేర్లున్నాయి. ఆ గోడకు విలువ అలాంటి తెగువ వల్లే వచ్చింది. కుటుంబానికి డబ్బు ఎంతైనా ఇవ్వమనండి, నేనూ సంతకం పెడతాను. రాతి మీద పేరు మాత్రం వేరే సంగతి.

లా చదువుతున్నా, కరీంనగర్

సార్, మీ కొలమానమే తీసుకుందాం. గ్రేహౌండ్స్‌ను నిలబెట్టిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ గారిని 1993 జనవరి 27న చంపింది అడవిలో కాదు, హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో. మరో ఐపీఎస్ ఉమేష్ చంద్ర గారి మీద 1999 సెప్టెంబరులో ఎస్‌ఆర్ నగర్ సిగ్నల్ దగ్గర కారులో ఉండగా కాల్పులు జరిపారు. ఆ క్షణాన ఇద్దరూ ఏ ఆపరేషన్‌లోనూ లేరు. అయినా వాళ్లు అమరులు కారని ఎవరైనా అంటారా? అనరు. వాళ్ల చావుకు కారణం వాళ్లు చేసిన ఉద్యోగం. అంటే చూడాల్సింది తూటా తగిలిందా లేదా అని కాదు, ఉద్యోగం వల్ల పోయారా లేదా అని.

కేంద్ర ఉద్యోగుల అసాధారణ పెన్షన్ నిబంధనల్లో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. సర్వీసుతో సంబంధం లేని మరణం ఒక కేటగిరీ. సర్వీసు వల్ల వచ్చిన లేదా ముదిరిన జబ్బుతో మరణం ఇంకొకటి. విధుల్లో ప్రమాదం వేరొకటి. ఉగ్రవాదులు, సంఘ వ్యతిరేక శక్తుల దాడి మరొకటి. డ్యూటీ వల్ల గుండె ఆగడం అనే మాట చట్టానికి కొత్తేమీ కాదు.

రిటైర్డ్ ఎస్ఐ, వరంగల్

వ్యాస్ గారిని శత్రువు గురిపెట్టి చంపాడు తల్లీ. గుండెపోటు ఎవరికైనా వస్తుంది, ఇంట్లో పడుకున్నా వస్తుంది. అది డ్యూటీ వల్లే వచ్చిందని ఎలా తేలుస్తావు? తేల్చే పద్ధతి లేకుండా జాబితా తెరిస్తే పలుకుబడి ఉన్నవాడి పేరు ముందు ఎక్కుతుంది. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

హోంగార్డు ఇల్లాలు

మీరంతా రాతి మీద పేరు గురించి మాట్లాడుకుంటున్నారు. మా ఆయన నిలబడేదీ అదే జంక్షన్‌లో, అదే ఎండలో, అదే లారీల మధ్య. తెలంగాణలో రోజుకు 1000 రూపాయలు చేశారు, సంతోషమే. డ్యూటీకి వెళ్లని రోజు ఆ వెయ్యీ ఉండదు. సహజ మరణమైనా ప్రమాదమైనా 5 లక్షలు ఇస్తామన్నారు. పక్కనే నిలబడ్డ కానిస్టేబుల్ అన్నకు పెన్షన్ ఉంటుంది, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఉంటుంది. ఒకే లారీ ఇద్దర్నీ గుద్దితే రెండు ఇళ్లూ ఒకలాగే ఉంటాయా? మా తరఫున మాట్లాడే సంఘం ఏది, చెప్పండి.

ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్ (పేరు చెప్పను)

అక్కా, మీరడిగింది నిజం. సంఘం గురించి లోపలివాడిగా నాలుగు మాటలు చెప్పనివ్వండి.

1966 నాటి చట్టం ఒకటుంది, పోలీసు బలగాల హక్కులను కట్టడి చేసేది. అనుమతి లేకుండా యూనియన్‌లో చేరకూడదు, పత్రికలతో మాట్లాడకూడదు. అందుకే మన సంఘాలకు సమ్మె లేదు, ధర్నా లేదు, వినతిపత్రం ఒక్కటే ఉంది. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీస్ బెటాలియన్లలో సెలవుల గొడవ వచ్చినప్పుడు ముందు రోడ్డెక్కింది కానిస్టేబుళ్ల భార్యలు. తర్వాత 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగంలోంచి తీసేశారు. అది చూశాక సంఘం గట్టిగా మాట్లాడాలని ఎవరు ముందుకొస్తారు?

అదే నెల 21న గోషామహల్‌లో ముఖ్యమంత్రి ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. కానిస్టేబుల్ నుంచి ఏఎస్ఐ దాకా కోటి, ఎస్ఐ, సీఐలకు కోటీ పాతిక లక్షలు, డీఎస్పీ స్థాయికి కోటిన్నర, ఎస్పీలకు, ఐపీఎస్‌లకు రెండు కోట్లు. మొత్తం పెరిగింది, మంచిదే. కానీ పెన్షన్ ఎలాగూ జీతాన్ని బట్టే వస్తుంది కదా, ప్రాణానికిచ్చే సాయంలోనూ హోదా చూడాలా? ఒకే జీపులో వెళ్లి ఒకే దాడిలో పోయిన ఎస్పీ భార్యకు రెండు, డ్రైవర్ భార్యకు ఒకటి. దీన్ని ఏ సంఘమూ బయటికి అడిగినట్టు నేను వినలేదు.

2025లో నిజామాబాద్‌లో నిందితుణ్ణి తీసుకొస్తూ కత్తిపోటుకు బలైన సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) కానిస్టేబుల్ కుటుంబానికి కోటి, ఇంటి స్థలం, ఉద్యోగం ప్రకటించారు. వాటితోపాటు 'భద్రత' నిధి నుంచి 16 లక్షలు, పోలీసు వెల్ఫేర్ నిధి నుంచి 8 లక్షలు కూడా. భద్రత అంటే ఎవరి డబ్బు? నెలనెలా మా జీతాల్లో కోతపడే డబ్బు. అది ఇవ్వడం నాకు గర్వంగానే ఉంది. అయితే ఆ నిధికి చందా కట్టేవాణ్ణిగా, గుండెపోటుతో పోయిన మా హెడ్‌గారి ఇంటికి ఎంత వెళ్తుందో అడిగే హక్కు నాకుంది.

హక్కుల కార్యకర్త

ఒక్క మాట. స్టేషన్‌లో ఎవరైనా చనిపోయి సిబ్బంది మీద కేసు పడితే సంఘం తెల్లారేసరికి ప్రకటన ఇస్తుంది. అంత వేగం ఒక వితంతువు ఫైలు విషయంలో ఎందుకు ఉండదు? జనానికి సంఘాల మీద నమ్మకం కలగాలంటే ముందు ఇక్కడ మొదలుపెట్టాలి.

క్వార్టర్స్ పిల్లోడు

రిటైర్డ్ ఎస్ఐ సార్, పలుకుబడి భయం నాకూ ఉంది, అందుకే తేల్చే పద్ధతి కావాలంటున్నాను. డ్యూటీలో ఉండగా ఎవరు చనిపోయినా, అంతకుముందు 72 గంటల డ్యూటీ రోస్టర్, స్టేషన్ జనరల్ డైరీ నకలు పంచనామాతోపాటు జతచేయాలి. వైద్యుల బోర్డు చూడాలి. ఆ బోర్డులో సంఘం ప్రతినిధి ఒకరు కూర్చోవాలి. హోంగార్డులకూ ఇదే వర్తించాలి. నాన్న ఎప్పుడు దిగారో, ఎప్పుడు మళ్లీ ఎక్కారో ఆ డైరీలో ఉంటుంది. ఎవరూ తెరిచి చూడలేదు, అంతే.

రిటైర్డ్ ఎస్ఐ, వరంగల్

రోస్టర్ జతచేయాలన్న మాట బాగుంది, దానికి నా మద్దతు ఉంది. గోడ మీద పేరు విషయంలో మాత్రం నా అభిప్రాయం అదే. వినతిపత్రం రాస్తే నాకు పంపు బాబూ. సంఘంలో నా బ్యాచ్‌వాళ్లు ఇంకా ఉన్నారు, నేనే తీసుకెళ్లి ఇస్తాను.

హోంగార్డు ఇల్లాలు

అందులో మా మాట మొదటి పేజీలో ఉండాలి తమ్ముడూ, చివర్లో 'తదితరులు' అని కాదు.