అమ్మ సంపాదన తక్కువ: ఆడమనిషనా, కులమా, పేదరికమా?

జాలారిపేట అమ్మాయి:
మాది విశాఖలో పెదజాలారిపేట. నాన్న మరబోటు మీద కలాసీ. అమ్మ హార్బర్‌లో వేలంపాటకి వెళ్ళి చేపలు కొని, ఎంవీపీ కాలనీలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. నేను ఎంకామ్ రెండో ఏడు. ఆర్థిక అసమానతల మీద ప్రాజెక్టు రాయమంటే జెండర్, కులం, వర్గం అని మూడు అధ్యాయాలు పెట్టుకున్నాను. అమ్మని ఏ అధ్యాయంలో పెట్టాలో తేలక మూడు రోజులుగా పెన్ను కదలడం లేదు.

అమ్మ తెల్లారుజామున మూడున్నరకి లేస్తుంది. పెట్టుబడి డైలీ ఫైనాన్స్. 4,500 చేతికిచ్చి 5,000 రాసుకుంటారు, రోజుకి 100 చొప్పున 50 రోజులు కట్టాలి. అసలు రోజూ తీరుతూనే ఉంటుంది కదా, ఆ లెక్కన వేస్తే ఏడాదికి నూటికి 150 దాటింది వడ్డీ. రెండుసార్లు వేసి చూశాను. పాటలో పెద్ద లాట్లు కంపెనీల ఏజెంట్లు ఎత్తుకుపోతారు. అమ్మావాళ్ళు నలుగురు కలిసి ఒక బుట్ట కానాగంతలు పాడుకుని పంచుకుంటారు. గంప చూస్తే బస్సు ఎక్కనివ్వరు, షేర్ ఆటోవాడు డబుల్ తీసుకుంటాడు. అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ ఎక్కొద్దంటారు, నీళ్ళు కారతాయని. కారతాయి, నిజమే. ముందు ఆవిడ మెడ మీద కారి, ఆ తర్వాతే మెట్ల మీద. గంప కింద చుట్టకుదురు పెట్టే చోట నడినెత్తిన జుట్టు లేదు. పెళ్ళిళ్ళకి కొంగు కప్పుకునే వస్తుంది.

ఇక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట బంద్. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 చేశారు, 2025లో 20,000 చేశారు. అది వేటకెళ్ళే మనిషికి, అంటే మా ఇంట్లో నాన్నకి. ఆ రెండు నెలలూ అమ్మకి చేపలూ ఉండవు, భృతీ ఉండదు. ఫైనాన్స్ వాడు మాత్రం వస్తాడు.

ఐసు ఫ్యాక్టరీ బాబాయ్:
ఇంత ఆలోచన దేనికమ్మా. హార్బర్‌లో పదిహేనేళ్ళు ఐసు మోశాను, చూసిందే చెప్తున్నా. మా బోటు ఓనరు భార్యదీ మీ కులమే, ఆవిడా ఆడదే. పాట దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, ఏజెంట్లు లేచి దణ్ణం పెడతారు. చేతిలో డబ్బుంటే మిగతా రెండూ ఎవడూ చూడడు. మూడు అధ్యాయాలు దండగ, పేదరికం అని ఒకటి రాయి.

జాలారిపేట అమ్మాయి:
బాబాయ్, ఆ బోటు కాగితాలు ఆవిడ పేరు మీద ఉన్నాయా? మా తాత పోయాక తెప్ప మావయ్యకి వెళ్ళింది. అమ్మకి అమ్మమ్మ గంప వచ్చింది. నాన్నా పేదవాడే. కానీ ఆయన చేసేది వేట, అమ్మది "ఏదో నాలుగు చేపలమ్ముకోవడం". మా ఇంట్లో కూడా అలాగే అంటాం, నేను కూడా.

కోర్టు పక్షి:
తెప్ప తాత సొంతంగా కొన్నదా? వీలునామా రాయకుండా పోతే 1956 చట్టం ప్రకారమే కూతురికీ సమాన వాటా. ఉమ్మడి ఆస్తిలో వాటా ఎన్టీఆర్ హయాంలో 1986లో వచ్చింది, దేశమంతటికీ 2005లో. అడిగి చూడండి.

జాలారిపేట అమ్మాయి:
అడిగితే తెప్పలో వాటా వస్తుందేమో గానీ పుట్టిల్లు పోతుందండీ. నీ పెళ్ళికి మావయ్య వచ్చి నిలబడాలి కదా అంటుంది అమ్మ.

సీతమ్మధార మేడమ్:
నీ ప్రశ్న పాతదే తల్లీ. అమెరికాలో జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి ఆడవాళ్ళు కేసు వేశారు. 1964కి ముందు ఆ కంపెనీ నల్లజాతి ఆడవాళ్ళని పనిలోకే తీసుకోలేదు. 1970 తర్వాత చేరినవాళ్ళంతా మాంద్యం రాగానే సీనియారిటీ లేదని బయటికి పోయారు. 1976లో కోర్టు ఏమందంటే, ఆడవాళ్ళని తీసుకున్నారుగా, వివక్ష ఎక్కడిది? తీసుకున్నది తెల్లవాళ్ళని. జాతి సంగతైతే వేరే కేసుతో కలుపుకోమన్నారు. రెండూ కలిపి ఒక ఫిర్యాదుగా వినం అన్నారు. ఈ తీర్పునే పట్టుకుని 1989లో కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఇంటర్‌సెక్షనాలిటీ అనే మాట తెచ్చింది. అంటే రెండు మూడు వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడటం.

మీ ఇంట్లోనూ అంతే కదా. మత్స్యకారుడు అంటే మగాడు, కాబట్టి అమ్మ ఆ జాబితాలో లేదు. అలాగని కులాన్ని వాళ్ళ జాతి మీద అచ్చుగుద్దినట్టు దింపకు, అది వేరే చరిత్ర. జాలరి, వాడబలిజ ఇక్కడ బీసీ-ఏ. ఆ కాగితం నీకు కాలేజీలో పనికొచ్చింది, అమ్మకి పాట దగ్గర దేనికి పనికొస్తుంది? బాబాయ్ గారు చెప్పిన ఓనరు భార్యని కూడా వదలకుండా రాయి. మూడు అధ్యాయాలు తీసేసి అమ్మ ఒక్క రోజు ఖర్చు రాసుకుంటూ పో.

ఐసు ఫ్యాక్టరీ బాబాయ్:
రాసుకో, నేను కాదన్లేదు. ముందు ఆ ఫైనాన్స్ వదిలించు. వీధి వ్యాపారులకి కేంద్రం ఇచ్చే పీఎం స్వనిధి లోను ఉంది, 2020లో పెట్టారు. మొదటి విడత 10,000 ఉండేది, ఇప్పుడు 15,000. షూరిటీ అక్కర్లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టంలో తిరిగి అమ్ముకునేవాళ్ళూ వస్తారు, విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీలో గుర్తింపు కార్డు అడుగు.

జాలారిపేట అమ్మాయి:
థాంక్స్ బాబాయ్. పొద్దున్నే వెళ్ళి అప్లై చేయబోయాను. అమ్మ ఆధార్‌కి లింకైన నంబరు నాన్నది. ఓటీపీ ఆ ఫోన్‌కి పోయింది, ఫోను నాన్నతో పాటు సముద్రంలో ఉంది. బోటు శుక్రవారం వస్తుందట.